పావు వంతు తగ్గిన ఖాజామియా తల

మీరు నమ్మరు గానీ, తొంభైల్లో మహబూబ్‌నగర్‌లో ఒక నిండు మనిషి తలను ఒక్క మధ్యాహ్నంలో పావు వంతు తగ్గించేశాను. కత్తి పట్టకుండానే, కంప్యూటర్‌తో.

అప్పుడు నేను స్కానింగ్ సెంటర్లో కొత్త డాక్టర్ని. మా పెద్ద డాక్టరు మేడమ్ ఫిల్మును వెలుగుకు పట్టి చూసి, మెదడు ఎండి చిన్నదైందో లేదో చెప్పేవారు. నాకది జాతకం చూసినట్టుండేది. అందుకే బొమ్మలో మెదడు పట్టిన జాగాను లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి రాసుకున్నాను. చల్లటి ఏసీ గదిలో, మబ్బుల్లాంటి ఆ బూడిదరంగు బొమ్మల ముందు కూర్చుంటే మెలకువగానే కలలు కనేవాణ్ణి. కలలో నాకు దండలు వేసేవారు. నేను వద్దువద్దంటూనే మెడ వంచేవాణ్ణి.

ఆ దండల మధ్యలోకి టోపీలు కుట్టే ఖాజామియాను కొడుకు సలీం తీసుకొచ్చాడు.

"అబ్బాకు యాది ఉంటలేదు సార్. ఎవరి బట్ట ఎవరిదో మర్చిపోతున్నడు. మెదడు ఎండిందంటే కుట్టుమిషన్ అమ్మేస్త."

రోజూ కత్తెర పట్టే ఆ పెద్దాయన వేళ్లు ఒళ్లో ముడుచుకున్నాయి. నాకు జాలేసింది, కానీ కంప్యూటర్ మీద ప్రేమ అంతకన్నా ఎక్కువ.

నిరుడు సైకిల్ మీంచి పడ్డప్పుడు హైదరాబాద్‌లో తీయించిన ఫిల్మూ, ఆ రోజు మేం తీసిందీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తీర్పు చెప్పాను: "ఏడాదిలో మెదడు పావు వంతు తగ్గింది."

ఖాజామియా నెత్తి మీది టోపీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గట్లయితే టోపీ వదులు గావాలె గద బేటా. ఇంకా బిగుతుగనే ఉన్నది."

"చాచా, మెదడు లోపలుంటది, టోపీ బయటుంటది," అన్నాను. ఇంత విజ్ఞానాన్ని ఉచితంగా పంచుతున్నందుకు నా మీద నాకే ముచ్చటేసింది.

అప్పుడే లోపలికొచ్చిన మేడమ్ రెండు ఫిల్ములూ పక్కపక్కన వెలుగుకు పట్టారు.

"పుర్రె గూడ కొలిచినవా?"

"లేదు మేడమ్."

"జర కొలువు."

కొలిచాను. పుర్రె కూడా సరిగ్గా పావు వంతు తగ్గింది.

"హైదరాబాదోళ్లు బొమ్మ పెద్దగ తీసిన్రు, మనం చిన్నగ తీసినం. అంతే," అన్నారు మేడమ్. "మెదడు వయసుకు తగ్గట్టే ఉన్నది. మతిమరుపుకు వేరే కారణాలు సుత ఉంటయి, రక్తం పరీక్ష చేద్దాం. మిషన్ అమ్మకు సలీం."

ఖాజామియా వేళ్లు విచ్చుకున్నాయి. లేచి కంప్యూటర్ దగ్గరకొచ్చి, దాని నెత్తి మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"కొత్తదా బేటా?"

"మొన్ననే కొన్నం చాచా."

"పసిది గద. తిట్టకు. నేర్సుకుంటది."

ప్రోగ్రాం రాసింది నేనేనని ఆయనకు చెప్పకుండా దాచాను. ఆ గది నాలుగు గోడల సాక్షిగా ఒట్టు మాత్రం పెట్టుకున్నాను: పుర్రె కొలవకుండా ఇక ఎవరి మెదడు జోలికీ పోను. ముఖ్యంగా నా మెదడు జోలికి.