ఒక తూటా, ఒక తుడుపు

వరంగల్‌లో ఒక రైఫిల్ క్లబ్బులో తుపాకులు బాగుచేసే పెద్దాయనను అందరం చాచా అనేవాళ్లం. కొత్త బ్యారెల్ వస్తే ఒక్క తూటా పేల్చి, లోపల గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వెలుగుకు పట్టి చూసేవాడు. మరక లేకుంటేనే రెండో తూటా.

ఒకసారి, మర్నాడే రాష్ట్ర పోటీ. అందులో దిగే నెక్కొండ అమ్మాయి రైఫిల్‌కు అప్పుడే కొత్త బ్యారెల్ బిగించారు. చాచా తూటా తూటాకూ తుడుస్తుంటే ఆలస్యమవుతోందని క్లబ్బు అధ్యక్షుడు తానే గుడ్డ చుట్టిన కడ్డీ అందుకుని, తూటా బయటికొచ్చే మూతి వైపు నుంచి దూర్చబోయాడు. చాచా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"గట్ల పెడితే మూతి అంచు ఖరాబైతది సార్. పిల్ల గురి తప్పుతది."

"నేనెవరో తెల్సా నీకు?"

"నాకు తెల్సు సార్. బ్యారెల్‌కు తెల్వది గదా."

అధ్యక్షుడు కడ్డీ ఇచ్చేశాడు. చాచా దాన్ని వెనక వైపు నుంచి దూర్చి, నింపాదిగా తుడిచాడు.

మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయి మెడలో పతకంతో పరుగున వచ్చింది. చాచా భుజం మీది తుడుపు గుడ్డ తీసుకుని చెయ్యి చాచాడు.

"ముందుగాల రైఫిల్ ఇటియ్యి బిడ్డా."