ఖానుంగారు ‘కాదు’ అన్న రోజు

మోరిస్‌విల్‌లో ఉండే నా పాత రూమ్మేటు, నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరి పులిహోర గిన్నె దగ్గర లైను కాస్త పలచబడిందంటే చాలు, మొదలుపెడుతుంది. “ఈమె ఉన్నది గదా, సియాటిల్ల చదివేటప్పుడు ఒక ఇరాన్ ముసలామెతోని అన్నం కాడ లొల్లి పెట్టుకున్నది. ఆమె చేతుల గిన్నె పెట్టి బయటికి ఎల్లగొట్టింది!” అందరూ నవ్వుతారు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వుతాడు. ఇన్నేళ్ళుగా ఓర్చుకున్నాను, ఇక చెప్పేస్తాను. ఆవిడ ముసలామె కాదు, అప్పటికి ఆవిడకి యాభై ఎనిమిది. (ఇప్పుడు నేనూ ఆ దరిదాపుల్లోనే ఉన్నాను, నన్ను ముసలామె అనమనండి చూస్తాను.) గొడవ మొదలైంది అన్నం దగ్గరే అయినా జరిగింది వ్యాకరణం గురించి. ఇక వెళ్ళగొట్టడమంటారా, గిన్నె చేతిలో పెట్టి పంపడానికీ వెళ్ళగొట్టడానికీ తేడా తెలియని మనిషితో నేను వాదించను. (వాదిస్తాను. పోయిన దీపావళికి కూడా వాదించాను.)

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, పరాయి దేశంలో యూనివర్సిటీ దయ మీద బతికే పిల్లకి ధైర్యం పైన తొడుక్కునే కోటు మాత్రమే, లోపలంతా వణుకే. నేను భాషాశాస్త్రం చదువుతున్నాను. (“అంటే ఏ భాష?” అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది.) నా వీసా అసిస్టెంట్‌షిప్ మీద, అసిస్టెంట్‌షిప్ నేను రాయాల్సిన ఒక పరిశోధన పేపర్ మీద, ఆ పేపర్ సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉండే ఒక ఇరాన్ ఆవిడ నోటి మీద నిలబడి ఉన్నాయి. పేపర్ పోతే జూన్‌లో పెట్టె సర్దుకోవాలి. ఈ సంగతి తలుచుకోకుండా పళ్ళు తోముకున్న రోజు ఆ ఏడాది ఒక్కటి కూడా లేదు.

ఆవిడ మాట్లాడేది గిలకీ. కాస్పియన్ సముద్రం ఒడ్డున వాన పడే చోట, వరి పండే చోట మాట్లాడే భాష. పర్షియన్‌కి చుట్టమే గాని, పర్షియన్‌లో ‘ఇల్లు పెద్ద’, ‘నాన్న నా’ అనే వరసలో చెప్పేదాన్ని గిలకీలో మనలాగే ‘పెద్ద ఇల్లు’, ‘నా నాన్న’ అంటారు. కి, తో, నుంచి లాంటివి కూడా మనలాగే మాట వెనకాల తగిలిస్తారు. క్లాసులో రెండేళ్ళు పర్షియన్ నేర్చుకుని, ఆ తలకిందుల వరసకి తలనొప్పి తెచ్చుకున్న నాకు ఈ సంగతి తెలిసినప్పుడు మేనత్త కూతురు కనిపించినంత సంబరమైంది. క్యాంపస్ క్లినిక్‌లో నాకు ఫ్లూ ఇంజెక్షన్ చేసిన నర్సు “మా అమ్మది గిలకీయే, ఇంట్లో ఒక్కతే ఉంటుంది, వెళ్ళి మాట్లాడుకో” అంది. ఇంజెక్షన్ నొప్పి ఆ నిమిషాన పోయింది.

అలా వారానికి రెండుసార్లు, రెండు బస్సులు మారి, క్యాసెట్ రికార్డరూ షూ బాక్సు నిండా కార్డులూ చంకలో పెట్టుకుని బాతెల్ వెళ్ళేదాన్ని. ఇప్పుడు అక్కడ వీధికో తెలుగు కుటుంబం ఉందిట. అప్పట్లో నేను బస్సు దిగితే అందరూ తల తిప్పి చూసేవాళ్ళు. ఖానుం అంటే వాళ్ళ భాషలో అమ్మగారు. దానికి నేను మళ్ళీ ‘గారు’ తగిలించి ‘ఖానుంగారూ’ అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను ‘జాన్’, అంటే ప్రాణమా, అనేవారు. తలుపు తీయగానే టీ, పళ్ళ పళ్ళెం, పిస్తాలు. ఆ తర్వాత అప్పటికే వండి ఉంచిన అన్నం, కాల్చిన వంకాయలో వెల్లుల్లి దట్టించి చేసిన కూర. మా అమ్మ చేసే వంకాయ పచ్చిపులుసులో చింతపండు మర్చిపోతే ఎలా ఉంటుందో అచ్చం అలా ఉండేది. తిన్నాక పని. పర్షియనూ ఇంగ్లీషూ కలిపి నేను అడగడం, ఆవిడ గిలకీలో చెప్పడం, నేను ఒక మాట అటూ ఇటూ మార్చి “ఇలా కూడా అనొచ్చా?” అనడం. ఆవిడ కళ్ళు మూసుకుని, నేను చెప్పింది పాటలా విని, “ఖైలీ ఖూబ్, జాన్” అనేవారు. చాలా బాగుంది అని. పర్షియన్ వరసలో పెట్టినా చాలా బాగుందే, గిలకీ వరసలో పెట్టినా చాలా బాగుందే. గిలకీలో ఏ మాట ఎక్కడైనా కూర్చోవచ్చునని నేను ఒక సిద్ధాంతం లేవదీశాను. ప్రపంచం నివ్వెరపోతుందని కూడా అనుకున్నాను. (ఇరవై మూడేళ్ళ వయసులో ప్రపంచానికి వేరే పని లేదనిపిస్తుంది.)

చిత్తుప్రతి చూసి నివ్వెరపోయింది మా ప్రొఫెసరు ఒక్కడే. మా చదువులో, ఆ భాషవాళ్ళు ఒప్పుకోని వాక్యానికి ముందు ఒక చుక్క, అంటే నక్షత్రం గుర్తు, పెడతారు. ఆయన నూట నలభై వాక్యాలు చివరిదాకా తిప్పి, కళ్ళజోడు తీసి, “ఒక్క చుక్క లేదేం?” అన్నాడు. ఆవిడకి అన్నీ బాగున్నాయండీ అన్నాను. “అన్నీ ఒప్పుకునే భాష ఉండదమ్మా. అది ఏది ఒప్పుకోదో చెప్పు, అప్పుడు వ్యాకరణం అంటాను. కావాలని ఒక చెత్త వాక్యం తయారుచేసి అడిగి చూడు. శుక్రవారానికి నాకు చుక్కలు కావాలి,” అన్నాడు. అది సోమవారం. చుక్కలు నాకు అప్పుడే కనిపించాయి.

మంగళవారం వెళ్ళాను. టీ అయ్యాక, ‘నా అన్న నిన్న పెద్ద చేప తిన్నాడు’ అన్నదాన్ని చిందరవందర చేసి, మనం ‘చేప నిన్న నా తిన్నాడు పెద్ద అన్న’ అంటే ఎంత దరిద్రంగా ఉంటుందో అంత దరిద్రంగా గిలకీలో అన్నాను. ఖానుంగారు కళ్ళు మూసుకున్నారు. ఈసారి కాస్త ఎక్కువసేపే మూసుకున్నారు. తెరిచి, “ఎంత అందంగా ఉంది, జాన్! కవిత్వంలా ఉంది,” అన్నారు.

 నూట నలభై కార్డులూ చెత్తబుట్టకే! బతిమాలాను. “ఖానుంగారూ, తప్పుంటే తప్పని చెప్పండి, నాకు కోపం రాదు.” “నీ నోట తప్పెలా వస్తుంది?” “పోనీ, ఇంట్లో పిల్లాడెవరైనా ఇలా అంటే?” “పిల్లల నోట్లో అన్నీ చక్కెర మాటలే.” “ఈ రెంటిలో ఏది మంచిది?” “నీకేది ఇష్టమైతే అది. ఇంకో ఆపిల్ ముక్క తీసుకో.” 

డ్యూటీ నుంచి వచ్చిన ఆవిడ కూతురు, ఆ నర్సే, నన్ను కారులో బస్సు స్టాపు దాకా దింపుతూ, నా ఏడుపు మొహం చూసి సంగతి అడిగి, విని, స్టీరింగు మీద చెయ్యి కొట్టుకుని నవ్వింది. “మా అమ్మ అతిథిని తప్పంటుందా! డెంటిస్టు బాగున్న పన్ను పీకేస్తే, నోట్లో దూదితో ‘మీ చెయ్యి నొప్పెట్టకూడదు’ అని దండం పెట్టి వచ్చిన మనిషి!” మరి నువ్వయినా చెప్పు అన్నాను. తను చిన్నప్పుడే టెహ్రాన్ వచ్చేసిందిట, అర్థమవుతుంది గాని ఇలా అనొచ్చా అనకూడదా అంటే తెలియదుట. “ఇది రాకపోతే ఏమవుతుంది?” అంది. “జూన్‌లో ఇంటికి పంపేస్తారు,” అన్నాను. అప్పుడు నవ్వడం ఆపేసింది.

ఇంటికొచ్చి రూమ్మేటు ముందు కూలబడ్డాను. అది కంప్యూటర్ సైన్సు, చుక్క తప్పిపోతే మెషినే అరిచి చెబుతుంది దానికి. “అయ్యో, ఇంతేనానే? నువ్వు సుట్టమోలె పోతున్నవ్, ఆమె సుట్టాన్ని చూసినట్టు చూస్తున్నది. సుట్టమయ్యుడు బంద్ జెయ్.”

“అంటే?”

“అంటే వంటింట్ల చొరబడు. వంక పెట్టు. నీకు వంకలు పెట్టుడు నేర్పాల్నా? నిన్న నా పప్పుకు ఎన్ని పెట్టినవ్?”

“అది పప్పు కాదే, నీళ్ళు.”

“ఇగో, గిట్లనే. గీ నోరు ఆడికి తీస్కపో.”

చెప్పడం తేలికే. గురువారం బస్సులో కూర్చున్నంతసేపూ అరచేతులు చెమటలు. నా నోరు వాడిదని లోకమంతా అంటుంది గాని, ఊరుగాని ఊళ్ళో నాకు కడుపు నిండా అన్నం పెట్టే ఒకే ఒక్క మనిషి మీద దాన్ని దూయాలంటే చేతకావడం లేదు. ఆవిడ బాధపడితే? ఇక రావద్దంటే? పేపరూ పోయి, ఈ గడపా పోతే? ఒక స్టాపు ముందే దిగి వెనక్కి పోదామనుకున్నాను. వాన కురుస్తోందని దిగలేదు. అంత గొప్ప సాహసం నాది.

ఆ రోజు పళ్ళ పళ్ళెం లేదు. అన్నం కూడా వండి లేదు. ఖానుంగారు స్టవ్ దగ్గర ఉన్నారు, నన్ను కుర్చీలో కూర్చోమనకుండా “ఇలా రా” అని వంటింట్లోకి పిలిచారు. బియ్యం మీద వేలు పెట్టి నీళ్ళు కొలిచి, మూత పెట్టి, ఇక తీయలేదు. నేను కాసేపు చూశాను. నోరు ఊరుకోలేదు. రూమ్మేటు పథకం గుర్తుండి కాదు, ఒట్టు, నిజంగానే ఊరుకోలేదు. “గంజి వార్చరా? మా ఇంట్లో ఇలా అత్తెసరు పడేసేది తీరికలేనప్పుడు, ఎవరికో జ్వరమొచ్చినప్పుడు.”

ఖానుంగారు నెమ్మదిగా నా వైపు తిరిగారు. ఆ కళ్ళు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారో! “గంజి వార్చేది టెహ్రాన్‌వాళ్ళు,” అన్నారు. “వాళ్ళకి బియ్యం తెలీదు. నీకూ తెలీదు.”

“మాది వరి పండే ఊరు, ఖానుంగారూ!”

“మాది కాదా?”

ఇక ఆగలేదు. అన్నం పలుకు పలుకుగా ఉండాలా, ముద్దకు రావాలా. సారం బియ్యంలో ఉంటుందా, గంజిలో పోతుందా. ఇంగ్లీషు చాలక పర్షియన్‌లోకి, అది చాలక నాకొచ్చిన గిలకీలోకి దిగాను. “అన్నం అమ్మ మా...” అని పర్షియన్ వరసలో ఏదో మొదలుపెట్టానో లేదో, ఆవిడ గరిటె ఎత్తారు. “ముందు మాట్లాడటం నేర్చుకుని తర్వాత పోట్లాడు! అలా ఎవరూ అనరు.”

 మూత కింద అన్నం ఉడుకుతోంది. నేను షూ బాక్సు తెరిచాను. “మరి ఇది?” “తప్పు.” “ఇది?” “ఇది టెహ్రాన్ వేషం. తప్పు.” “ఇది?” “ఇది మాటేనా? మేక కూడా అనదు.” “కవిత్వంలా ఉందన్నారు!” “అప్పుడు నువ్వు అతిథివి!” నేను రాసుకుంటూనే ఉన్నాను, ఆవిడ కొట్టేస్తూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి చెయ్యి నడుం మీద పెట్టుకుని, “ఇంకెన్ని ఉన్నాయి?” అని కసిరారు. రికార్డర్ బటన్ నొక్కలేదని సగంలో గుర్తొచ్చింది గాని, ఆపి నొక్కే ధైర్యం రాలేదు. అరవై రెండు చుక్కలు. నా సిద్ధాంతం ఆ గంటలోనే చచ్చిపోయింది. మాటలు ఎక్కడ పడితే అక్కడ కూర్చోవని, అచ్చం మన భాషలోలాగే ఎవరి స్థానం వాళ్ళకుందని తేలింది. దాని శవాన్ని చూసి అంత ఆనందపడ్డది నేనొక్కదాన్నే అయి ఉంటాను. చివరికి ఆవిడ ఆ అన్నం గిన్నెతో సహా నా చేతిలో పెట్టి, “పో, ఇంటికెళ్ళి తిను, తిని చెప్పు,” అని తలుపు తీశారు. (వెళ్ళగొట్టడమట!) అన్నం బ్రహ్మాండంగా ఉంది. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు, రూమ్మేటుకి అసలే చెప్పలేదు.

శుక్రవారం ప్రొఫెసరు చుక్కలు లెక్కపెట్టుకుని, “ఆఁ, ఇప్పుడిది భాష,” అన్నాడు. అసిస్టెంట్‌షిప్ నిలిచింది, జూన్ వచ్చి నన్ను ముట్టుకోకుండా వెళ్ళిపోయింది. పేపర్ కూడా ఎక్కడో అచ్చయింది. ఖానుంగారు ఆ తర్వాత నన్ను దేనికీ మెచ్చుకోలేదు. జుట్టు బాగాలేదనేవారు, చీర రంగు బాగాలేదనేవారు, ఎదురుగా కూర్చోబెట్టి చిక్కుడు గింజలు వలిపించేవారు. నేను ఆ వంటింట్లో ఉన్నంత హాయిగా ఇంకెక్కడా లేను. తర్వాత పెళ్ళి, కంప్యూటర్ల ఉద్యోగం, వేరే ఊరు. భాషాశాస్త్రం అటకెక్కింది.

కొన్నేళ్ళ కిందట ఖానుంగారి కూతురు ఫోన్ చేసింది, అమ్మ పోయారని. ఇద్దరం కాసేపు ఏడ్చి, ఆ పైన అలాంటప్పుడు అందరూ నవ్వుకునేట్టే పాత సంగతులు తవ్వుకుని నవ్వుకున్నాం. డెంటిస్టు కథ మళ్ళీ చెప్పింది. ఆ ఊపులో మామూలుగా అనేసింది: “నిన్ను బస్సు స్టాపులో దింపి వచ్చి, ఆ పిల్లకి నువ్వు కాదనకపోతే దేశం నుంచి పంపేస్తారటమ్మా అని చెప్పాను. అమ్మ చాలాసేపు ఆలోచించి ఏమందో తెలుసా? ‘ఎన్నిసార్లు కాదనాలిట?’ అంది.”

ఫోన్ పెట్టేశాక నాకు మళ్ళీ ఇరవై మూడేళ్ళ వయసు నాటి చెమటలే పట్టాయి. పేపర్ ఏదో లైబ్రరీలో కూర్చుని ఉంది, ఎవరో ఒకరు దాన్ని నమ్మి ఇంకో పేపర్ రాసే ఉంటారు. సరి చూడటానికి గిలకీ తెలిసిన మనిషి ఇప్పుడు దొరక్కపోరు. కానీ ఎవరినీ అడగను. ఇంత నోరున్నదాన్ని, ఆ ఒక్క విషయంలో నాకు నోరు రాదు. వాన పడే సాయంత్రం, షూ బాక్సు పట్టుకుని గెలిచానని బస్సెక్కిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. మోరిస్‌విల్‌లో ఉన్నావిడ ఇది చదివి నలుగురిలో నన్ను ఇంకా ఆటపట్టిస్తుంది, పట్టించనీండి. నాకు కావలసిన జవాబు దాని దగ్గర లేదు.

ఖానుంగారూ, అతిథి అడిగిందేదీ లేదనని మనిషి మీరు. ఆ రోజు అన్నం మీద మీకు నిజంగానే కోపం వచ్చిందా?