ఇద్దరు పడుకునే మోటారిల్లు

"ఎనిమిదిమంది పట్టేత్తారే," అన్నాడు మా మావ, ఆ మోటారిల్లు నేల మీద వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ చాచి. మేనమామనే కట్టుకున్నాను గనక మొగుడైనా ఆయన నాకు మావే. కొనబోయే ఇంటిని పడుకుని కొలిచినవాణ్ణి మరొకణ్ణి నేను చూడలేదు. ఆ రోజు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అమ్మేవాళ్ళు బర్మావాళ్ళు, ముసలి మొగుడూ పెళ్ళాలు. ఊరూరా తిరిగి బయస్కోపు ఆడించేవారట. యుద్ధం నాటి పాత లారీ మీద టేకు పలకలతో ఒక గది కట్టించుకుని, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, ఎగువ బర్మా అంతా తిరిగారు. ముసలాయనకు చూపు తగ్గింది. బజారు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని, చిమిండైంగ్ ఏటిగట్టున ఈ లారీని అమ్మకానికి నిలబెట్టారు. గోడకు బయట తెల్లగుర్రం మీద రాజకుమారుడి బొమ్మ ఉండేది. వానలకు రంగు పోయి గుర్రానికి కాళ్ళు లేవు.

మాకు ఇల్లెందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. రంగంలో, అదే రంగూన్‌లో, ఓడ దిగిన దగ్గర్నుంచి మేమున్నది బోటాటౌంగ్‌లో, రేవుకూలీల బసలో. మావ ఓడ మీద బరువులెత్తే వించి తోలేవాడు. బసలో అందరూ మా ఊళ్ళ వాళ్ళే, అందరూ మగవాళ్ళే. పగటి గ్యాంగు లేచిన చాప మీద రాత్రి గ్యాంగు పడుకునేది. చాప చల్లారకూడదు అనేవారు. మన ఊరివాడొకడు మెట్ల మీద కునికిపాట్లు పడుతుంటే ఇక్కడ చాప ఖాళీగా ఉండటం వాళ్ళ లెక్కలో పాపం. నా కోసం ఒక మూల గోనెపట్టాలు కుట్టి తెర కట్టారు. "ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం" అని మావను ఆటపట్టించేవారు. మంచివాళ్ళే. వాళ్ళకు వండిపెట్టేదాన్ని, మిషను బడిలో నేర్చిన నాలుగు అక్షరాలతో వాళ్ళ ఇళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టేదాన్ని.

ఆ బసలో ఒకటే కట్టడి. పగలు పడుకున్న రాత్రి గ్యాంగు మనిషిని లేపకూడదు. నిద్ర చాలనివాడు బస్తా మోస్తూ ఓడకు వేసిన నడకపలక మీద తూలతాడు, తూలితే ఓడ అడుక్కి పోతాడు. అందుకని నేను గిన్నెను నేల మీద పెడితే చప్పుడయ్యేది కాదు. గాజులకు గుడ్డ చుట్టుకుని పప్పు రుబ్బేదాన్ని.

నా తొలి కాన్పు ఆ గోనెపట్టా వెనకే జరిగింది, పట్టపగలు. నొప్పులు ఓర్చుకోలేక అరిచాను. పద్దెనిమిదేళ్ళదాన్ని, అరవక ఏం చేస్తాను? తెర అవతల మనుషులు లేచి కూర్చున్న అలికిడి నాకు వినబడుతూనే ఉంది. ఆ రాత్రి పనికి వెళ్ళిన వాళ్ళలో ఒకడు, మా పక్క ఊరివాడు, పలక మీంచి ఓడలోకి పడి చచ్చిపోయాడు. పుట్టిన ఆడపిల్ల తొమ్మిది రోజులు బతికింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు చూడండి, అది. అతను పోయినందుకు నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనలేదు కాబట్టే నాకు రూఢి అయిపోయింది. నా కేకకు నిద్ర చెడి అతను పోయాడు. ఈ సంగతి మావతో కూడా అనలేదు నేను.

మళ్ళీ నీళ్ళోసుకున్నప్పుడు ఒక్కటే చెప్పాను. "తలుపున్న కాడే కంటాను మావా. నేకపోతే నన్ను ఓడెక్కించెయ్."

గుడిసె వేసుకుందామంటే సర్కారు మనుషులొచ్చి పీకేస్తున్నారు. చక్రాలున్నదాన్ని గుడిసె అనరు, పొమ్మంటే కదిలిపోవచ్చు అని మావ ఆలోచన. తెలివైన ఆలోచనే, కాదనను. నా కాళ్ళ కడియాలు అమ్మిన డబ్బూ, ఆయన వెనకేసుకున్నదీ కలిపి పట్టుకుని ఆ మోటారిల్లు చూడటానికి వెళ్ళాం.

మోటారు కొనడం మాకు అదే మొదలు. అయినా మావను మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు. ఓడలో పలకల సందులు చూసినట్టు ప్రతి సందులోనూ చాకుమొన దూర్చి చూశాడు. టేకు గట్టిది, చెదలేదు. ఇంజను ముందు నీళ్ళ పెట్టె కింద నేల పచ్చగా ఉంటే వేలితో రాసి వాసన చూసి నవ్వాడు. కారడం ఆగడానికి ముసలాయన నీళ్ళలో పసుపు కలిపాడట. తప్పు దొరికినందుకు ముసలాయన కూడా నవ్వేశాడు. ఒక్కసారి కదిలి, మేం చెప్పినచోట ఆగితే చాలు, అని వచ్చీరాని హిందుస్తానీలో ఒప్పందం చేసుకున్నారు ఇద్దరూ.

నేను మాత్రం లోపల నిలబడిపోయాను. అటొక బల్ల, ఇటొక బల్ల, పడుకోవడానికి. బల్లల కింద పెట్టెలు. గిన్నెలు జారిపోకుండా అంచు కట్టిన అలమర. ఒక కిటికీ. తలుపుకు లోపలి వైపు ఇత్తడి గడియ. ముసలావిడ నా పొట్ట చూసి, ఆ గడియ వేసి తీసి, వేసి తీసి చూపించింది. తన పిల్లలిద్దరూ ఇందులోనే పుట్టారట. తర్వాత మావ చేతులు చాచి ఎనిమిదిమంది అన్న మాట ముసలాయన హిందుస్తానీలో అడిగి తెలుసుకుని ఆవిడకు చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. రెండు వేళ్ళు చూపించింది. ఇది ఇద్దరికి.

కొనేశాం. ముసలాయన తోలితే అది దగ్గుకుంటూ, ఆవిరి కక్కుకుంటూ, ఏటిగట్టున ఒక బియ్యపు మిల్లు ఊకకుప్ప పక్కదాకా వచ్చి ఆగింది. మళ్ళీ ఎన్నడూ కదల్లేదు. కదలకపోతే నాకేం? తలుపు వేసుకున్నాను. గడియ పెట్టుకున్నాను. గాజులకు చుట్టిన గుడ్డ విప్పేశాను. పది రోజులు, నిజంగా పదంటే పది రోజులు, నేను రంగంలో సుఖపడ్డాను.

పదకొండో రోజున మావ బసలోంచి ఒకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. జ్వరంతో ఉన్నాడు, రెండు రోజులుండి పోతాడన్నాడు. జ్వరం తగ్గింది, మనిషి పోలేదు. తర్వాత అతని తమ్ముడు వచ్చాడు. తర్వాత మా ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చాడు, నాకు వరసకు చిన్నాన్న. నేను తగువు పెట్టుకున్నాను. తాదూర కంత లేదు, మెడకో డోలా అన్నాను. మావ దానికి కోపగించుకోలేదు. ఆయనకు కోపం రాదు, అదే నా ఖర్మ. "పగలు బల్లలు రెండూ ఊరికే పడున్నాయి గదే," అన్నాడు. ఊరికే ఉన్నదేదైనా ఆయన కంటికి నొప్పి. రెండు నెలలు తిరిగేసరికి పగలు నలుగురు, రాత్రి నలుగురు. ఆయన కొలత ఒక్క మనిషి కూడా తప్పలేదు.

మేమిద్దరం లారీ కిందికి దిగాం. చక్రాలకు చీర కట్టి అక్కడే పడక. వేసవి కదా, కిందే చల్లగా ఉంటుందన్నాడు. వేళాపాళా లేకుండా వచ్చేపోయేవాళ్ళు, తలుపుకు గడియ ఎవరు వేస్తారు? ఆ ఇత్తడి గడియ మీద ఎవరో లుంగీ ఆరేసుకునేవారు. నేను మళ్ళీ గాజులకు గుడ్డ చుట్టుకున్నాను.

నెలలు నిండకుండానే ఒకనాడు మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మావ రేవులో ఉన్నాడు. పైన రాత్రి గ్యాంగు నలుగురూ పడుకున్నారు. ముసలావిడ రోజూ ఎండ తగ్గాక చుట్టలు చుట్టే బుట్ట పట్టుకుని నా దగ్గరికి వచ్చేది, అప్పటిదాకా ఓర్చుకుంటే సరిపోతుందనుకున్నాను. ఆవిడ గదికి నడిచి వెళదామని లేచాను గానీ ఊకకుప్ప దాటలేకపోయాను. తిరిగొచ్చి లారీ కింద పడుకున్నాను. నా మొహానికి చెయ్యెత్తు పైన పలక. ఆ పలక మీద చిన్నాన్న గురక. చెయ్యెత్తి ఒక్కసారి తడితే లేస్తాడు.

తట్టలేదు. చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. కళ్ళు మూస్తే తడిసిన పలకా, దాని మీద బస్తా మోసుకుపోతున్న ఆ పక్క ఊరివాడి వీపూ కనిపించేవి. ఈ నలుగురిలో ఎవడు పోతాడు నేను అరిస్తే? చిన్నాన్నకు ఊళ్ళో ముగ్గురు పిల్లలు. వాళ్ళకు ఉత్తరాలు రాసేది నేనే, పేర్లన్నీ నాకు తెలుసు. కొంగు కొరికి కొరికి చిరిగిపోయింది. అయినా నోరు విప్పలేదు.

ముసలావిడ వచ్చేసరికి బిడ్డ సగం బయటికి వచ్చి ఉన్నాడు. బొడ్డుపేగు మెడకు రెండు చుట్లు తిరిగింది. ఆవిడ మోకాళ్ళ మీద పాకి వచ్చి, పేగు తప్పించి, బిడ్డను లాగి, వీపు తట్టి, నోట్లో ఊది, అన్నీ చేసింది. మగపిల్లవాడు. జుట్టు ఎంత ఒత్తుగా ఉందో. ఏడవలేదు. ఆవిడ "తమీ, తమీ" అంటూ నా తల నిమిరింది. కూతురా అని. తర్వాత పైన పలక వైపు చూసింది. గురక ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఆవిడే పైకెక్కి నలుగుర్నీ లేపింది. వాళ్ళు దిగి, చూసి, తలగుడ్డలు చేతిలోకి తీసుకుని నిలబడ్డారు. చిన్నాన్న చీర పక్కకు తప్పించి కూర్చున్నాడు.

"కేకెయ్యాల గదమ్మా," అన్నాడు. "నలుగురుం పైనే ఉన్నాం గదా."

"నిద్ర సెడితే పడిపోతారు గదా సిన్నాన్న. అప్పుడు ఆ పక్కూరోడు అలగే గదా పోనాడు. నా కేకకి."

ఆయనకు చాలాసేపు నా మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నల్లబడిపోయింది.

"ఎవులు సెప్పినారమ్మా నీకు? ఆ పగలు ఆడు బసకే రానేదు. సాప దొరక్క రేవు మెట్ల మీద తొంగున్నాడు. నీ కేక ఆడు ఇననే నేదు. పలక మీద నూని ఒలికింది. ఆడి ముందర నానూ జారినాను."

రెండేళ్ళు ఒక అబద్ధాన్ని కడుపులో మోశాను, పైగా దానికి బిడ్డను కూడా ఇచ్చుకున్నాను. ఎవరు చెప్పారని అడిగితే ఏమని చెప్పను? ఎవరూ చెప్పలేదు. నేను అడిగిందీ లేదు.

సాయంత్రం మావ వచ్చాడు. ఒక్కడే రాలేదు. ఆ రోజే ఓడ దిగిన మా ఊరివాణ్ణొకణ్ణి, వాడి రేకుపెట్టెతో సహా తీసుకొచ్చాడు. తొమ్మిదోవాడు. ఆ క్షణంలో చేతికి కత్తి దొరికితే మావను పొడిచేసేదాన్నే. ఆయన నన్నూ, ముసలావిడ ఒళ్ళో మూటనూ చూసి, చక్రానికి ఆనుకుని కూలబడిపోయాడు. ఏటి ఒడ్డున గొయ్యి తవ్వింది ఆ కొత్తవాడే. రంగంలో వాడు చేసిన మొదటి పని అది. పాపం, పెట్టె కూడా దించకుండా అడిగాడు, పార ఎక్కడుందని.

ఎవరూ పొమ్మనకుండానే అందరూ తమ మూటలు సర్దుకుని బోటాటౌంగ్ బసకు వెళ్ళిపోయారు. గడియ మీద లుంగీ మరిచిపోయారు. అది తీసి, తలుపు వేసి, గడియ పెట్టాను. అటు బల్ల మీద మావ, ఇటు బల్ల మీద నేను. ఇద్దరికి సరిపోయే ఇల్లు, ముసలావిడ చెప్పింది నిజమే. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఆయన నేల వైపే చూస్తూ పడుకునేవాడు. ఆయన మీద జాలి రావాల్సింది, రాలేదు. ఈనాటికీ పూర్తిగా రాలేదు.

అయిదో రోజు ట్రామెక్కి బోటాటౌంగ్ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో దారిలో నాకే తెలియదు. పచ్చి బాలింతను, నడవకూడదు, అయినా నడిచాను. మధ్యాహ్నం. బసలో రాత్రి గ్యాంగు అంతా వరసగా పడుకుని ఉంది, ఒక్క చాపా ఖాళీ లేదు. నా గోనెపట్టా తెర ఇంకా ఆ మూల వేలాడుతోంది, దాని వెనకా ఎవరివో కాళ్ళు. నేను గుమ్మంలో నిలబడి, గుండెల్లో ఉన్న గాలంతా కూడదీసుకుని అరిచాను. మాట కాదు, ఊరికే అరుపు. గొంతు చీరుకుపోయేదాకా అరిచాను.

అందరూ లేచి కూర్చున్నారు. ఎవరూ కసరలేదు. చిన్నాన్న కళ్ళు నులుముకుంటూ నా వైపు చూశాడు.

"ఏటమ్మా?"

"ఏటీ నేదు సిన్నాన్న," అన్నాను. "కేకేత్తే లేత్తారో నేదో సూద్దారని వొచ్చినాను."

ఆయన చాప మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.