చెప్పకుండా వెళ్ళిన పెద్దమ్మ

బస్టాండులో ఎవరి గంపలోంచైనా మల్బరీ ఆకు వాసన వస్తే, ఇప్పటికీ నా చెయ్యి పక్కన చీరకొంగు కోసం వెతుకుతుంది.

మదనపల్లెలో అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. ఏనాడో మాటలు తెగిపోయిన కుప్పం పెద్దమ్మను ఆ రోజే మొదటిసారి చూశాను. పట్టుపురుగులు మేపే ఆమె చేతుల నిండా ఆకు వాసన. మొహం మాత్రం అచ్చం అమ్మదే. సాయంత్రం దాకా ఆమె కొంగు వదల్లేదు.

పొద్దు వాలగానే పెద్దమ్మ నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, మాట్లాడకుండా లేచింది.

"పెద్దమ్మా, పోయొస్తానని చెప్పు!" అంటూ వెనకాలే పరుగెత్తాను. ఆమె తిరిగి చూడలేదు.

పుంగనూరు అత్త నన్ను పట్టుకుని నా నోరు మూసింది. "యాల అట్ల అడుగుతాండావు పాపా? ఈడ ఆ మాట అనగూడదు."

ఇక రాదనే అనుకున్నాను. ఆకు వాసన పోతుందని ఆ రోజు ఎవరినీ నా చేతులు కడగనివ్వలేదు.

నెల తిరగకముందే ఆమె మళ్ళీ వచ్చింది. చావింట్లో "పోయొస్తా" అంటే ఇంకో చావుకు రావలసి వస్తుందని పెద్దల భయం. నా కోసమే ఆమె ఆ మాట మింగేసింది.

అది నాకు అర్థమైంది, ఎన్నో ఏళ్ళకు కుప్పంలో ఆమె లేని ఇంటి గడపను నోరు మూసుకుని దిగుతున్నప్పుడు.