మిస్ డెలమేర్ పెదవులు

ఐరిస్ డెలమేర్ అనే పేరు ఆవిడకి కన్నవాళ్లు పెట్టింది కాదు, తనే పెట్టుకుంది. అసలు పేరు సెలీనా హార్‌గ్రీవ్స్. ఊరు థార్న్‌షా. పొగగొట్టాలు, బట్టల మిల్లులు తప్ప ఆ ఊళ్లో చెప్పుకోదగ్గది ఏదీ లేదు. తల్లి కెజియా ఆ మిల్లుల్లోనే మగ్గాల మీద పనిచేసేది. సెలీనాకి వేషాలు తొడిగే మనిషిగా నేను చాలా ఏళ్లు వెంట తిరిగాను కాబట్టి ఇదంతా నాకు తెలుసు. పెళ్లికి ముందు నేనూ మిల్లు పిల్లనే. ఆ సంగతి నేనెప్పుడూ దాచలేదు. నన్ను అడిగినవాళ్లూ లేరనుకోండి.

మగ్గాల షెడ్డులో మాట వినపడదు. ఆ మోత అలాంటిది. అందుకని అక్కడి ఆడవాళ్లు నోరు బాగా తెరిచి, పెదవులు సాగదీసి, గొంతు లేకుండా మాట్లాడతారు. అవతలివాళ్లు ఆ మాటల్ని కళ్లతో చదువుకుంటారు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి పెళ్లి సంబంధాలు కుదుర్చుకున్నవాళ్లున్నారు, పోట్లాడుకున్నవాళ్లూ ఉన్నారు. కొన్నేళ్లు పనిచేస్తే చెవులు ఎలాగూ పోతాయి. కెజియాకి కూతురు పుట్టకముందే పోయాయి. దాంతో సెలీనా మాటలు నేర్చుకున్నదే పెదవులతో. అమ్మ ఎదురుగా నిలబడి నోరు కదిపితేనే పాలూ, రొట్టే. పాట మాత్రం ప్రార్థన మందిరంలో అబ్బింది. పిల్ల పాడుతుంటే కెజియా ముందు బెంచీలో కూర్చుని ఆ నోటివైపే చూస్తూ ఉండేదట. అందరూ మెచ్చుకునే ఆ గొంతు ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదు.

పదిహేడో ఏట సెలీనా ఊరూరా తిరిగే ఒక పాటల బృందంతో వెళ్లిపోయింది. పేరు మార్చుకుంది. దొరసానుల యాస నేర్పే ఒక పంతులమ్మ దగ్గర చేరి, దవడ బిగించి, పెదవి కదిలీ కదలనట్టు మాట్లాడడం పట్టుకుంది. మొదట వెనక వరసలో డాన్సులు, తర్వాత పక్క వేషాలు. క్రిస్మస్ నాటకాల్లో రాకుమారుడి వేషం ఆడమనిషే కట్టాలి మా దగ్గర. బిగుతు మేజోళ్లు తొడుక్కుని, తొడ చరిచి సెలీనా స్టేజీ మీదికి వస్తే పిల్లలు వెర్రెత్తిపోయేవారు. లండన్‌లో ఒక పెద్ద ప్రదర్శనలో పాటలు దక్కాయి. సినిమాల్లో నాయిక స్నేహితురాలిగా కనిపించింది. గొప్ప తార కాలేదు గానీ, రైలు దిగితే జనం ఒకసారి వెనక్కి తిరిగి చూసేవారు.

అలాంటి రోజుల్లో ఒక పత్రికవాడు ఆవిడ పుట్టుపూర్వోత్తరాలు అడిగాడు. నాన్న దక్షిణాదిన పాదిరిగారనీ, అమ్మ తన చిన్నతనంలోనే పోయిందనీ చెప్పింది. అచ్చయిన పేపరు చూసి ముఖం కందగడ్డలా చేసుకుంది.

"ఏదో నోటికొచ్చేసింది, మార్తా," అంది నాతో.

"చంపాలంటే తాతగారు ఉన్నారు కదమ్మా, ఎలాగూ పోయినాయనే," అన్నాను.

ఆ తర్వాత థార్న్‌షా చుట్టుపక్కల ఎక్కడ ప్రదర్శన పెట్టినా ఆవిడకి జలుబు చేసేది, లేదంటే కాలు బెణికేది. తల్లికి ముఖం చూపించడానికి సిగ్గు. ఆ సిగ్గుకి మందు ఇంకొంచెం దూరం జరగడం అనుకుంది పాపం.

చివరికి నిజంగానే గొంతు పోయింది. ఆ వేసవికి మేం బ్లాక్‌పూల్‌లో ఉన్నాం, సముద్రం మీదికి కట్టిన వంతెన చివర ఉండే థియేటర్లో. పాడేటప్పుడు గొంతు జీరబోయి, తర్వాత గాలి తప్ప ఏమీ రాకుండా పోయింది. నోరు విప్పావంటే ఇక జన్మలో పాడలేవని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా మేనేజరు ప్రిచర్డ్ మాత్రం దానికి ఉపాయం కనిపెట్టాడు. వెనక వరసలో మేబెల్ అనే పిల్ల ఉంది, బంగారంలాంటి గొంతు. ఆ పిల్ల తెర వెనక నుంచి పాడుతుంది, మిస్ డెలమేర్ ముందు నిలబడి నోరు కదుపుతుంది.

"వచ్చేది థార్న్‌షా వారం," అన్నాను నేను. మా వైపు ఒక్కో ఊరు ఒక్కో వారం మిల్లులన్నీ మూసేసి, పిల్లాజెల్లాతో సముద్రానికి దిగుతుంది. "అమ్మగారూ, వాళ్లు పెదవులు చదివే మనుషులు. మీకు నేను చెప్పాలా?"

"వాళ్లు చూసేది నా కాళ్లని, మార్తా," అంది గుసగుసగా. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

రెండు రోజులు ఎండ కాసింది, జనమంతా ఇసకలోనే ఉన్నారు. మూడో రోజు వాన పట్టుకుంది. బస ఇచ్చిన ఇంటి ఆడవాళ్లు పగటిపూట ఎవర్నీ గదుల్లో ఉండనివ్వరు కదా, తడిసిన జనమంతా మధ్యాహ్నం ఆటకి వచ్చి పడ్డారు. సెలీనా తెరకున్న చిల్లులోంచి చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మ. మూడో వరస."

నేనూ చూశాను. నల్ల టోపీ పెట్టుకుని, ఒళ్లో గొడుగుతో ఒక ముసలావిడ. పక్కన నోరు పెద్దదైన ఒకామె ఆవిడకి ఏదో చెబుతోంది. ఆమె ఫ్లోరీ బిబ్బీ అనీ, కెజియా పక్క మగ్గం మీద పనిచేసిన మనిషనీ సెలీనాయే చెప్పింది.

"పేపరు చూసి ఉంటుందా, మార్తా?"

"చూడకపోయినా చూపించేవాళ్లు ఉంటారమ్మా. వెళ్లకండి. ఒంట్లో బాగా లేదని చెప్పిస్తాను."

"వద్దు. ఇరవై ఏళ్లు దాటింది అమ్మ నన్ను స్టేజీ మీద చూడాలనుకుని. ఆవిడకి నేను పాడినా ఒకటే, మేబెల్ పాడినా ఒకటే." ఇంకేమీ మాట్లాడనివ్వకుండా ప్రిచర్డ్ ఆవిణ్ని ముందుకి తోశాడు.

మొదటి చరణం బాగానే నడిచింది. ప్రమాదం ఆ తర్వాత వచ్చింది. ఇన్నాళ్లూ ఆ పంతులమ్మ నేర్పిన యాస గొంతుని పట్టుకుని ఉంది. గొంతు మూతపడేసరికి యాసా మూతపడింది. శబ్దం లేకుండా మాట్లాడాలంటే సెలీనా నోటికి వచ్చిన పద్ధతి ఒకటే, తల్లి నేర్పినది. పెదవులు తమంతట తామే పెద్దవైపోయాయి, సాగాయి, థార్న్‌షా షెడ్డులోలాగా మాటలు విప్పి చూపించాయి. స్టేజీ పక్కన నిలబడి నేనూ ఒక్కో మాటా చదివేశాను.

ఫ్లోరీ బిబ్బీ లేచి నిలబడింది. చెవులు సగం పోయిన మనిషి కాబట్టి గుసగుస అనుకుని అరిచింది.

"ఒసేయ్, చూడండే! ఆ పాట ఆవిడది కాదే! నోరు ఒక చోట ఉంటే గొంతు ఇంకోచోట ఉంది!"

"కూచోవే, కనపడి చావట్లేదు!" అంది వెనక నుంచి ఎవరో.

"కూచుంటాలేవే, ముందు ఆ నోరు చూడు! దొరసాని నోరు కాదది, మన షెడ్డు నోరు! కెజియా, మీ సెలీనా కాదుటే అది?"

జనం నవ్వారు. పై అంతస్తులో ఈలలు మొదలయ్యాయి. మూడు నాలుగు వరసల ఆడవాళ్లు ఒక్కసారిగా కెజియా వైపు తిరిగారు. ఆవిడ ఫ్లోరీ వైపు తిరిగి, గొంతు లేకుండా, మిల్లులో మాట్లాడినట్టే నోరు విప్పి జవాబు చెప్పింది. స్టేజీ మీది నుంచి సెలీనా చదివింది, పక్క నుంచి నేనూ చదివాను.

"కాదు. ఆ అమ్మాయి తల్లి ఎప్పుడో చచ్చిపోయింది. పేపర్లో వేశారు."

కూతుర్ని కాపాడదామనే అంది ఆ మాట. సెలీనా పెదవులు ఆగిపోయాయి. తెర వెనక మేబెల్‌కి ఏమీ తెలియక పాడుతూనే ఉంది. సెలీనా స్టేజీ అంచున ఉన్న దీపాలదాకా వచ్చి "అమ్మా" అంది, శబ్దం లేకుండా. అప్పటికే కెజియా గొడుగు తీసుకుని, వీపు తిప్పి నడిచిపోతోంది. ఫ్లోరీ భుజం తట్టినా ఆగలేదు. చెవులు లేని మనిషి వీపు తిప్పితే గొంతు లేని మనిషి ఏం పెట్టి పిలుస్తుంది? ప్రిచర్డ్ తెర దించేశాడు.

సెలీనా వేషం తియ్యలేదు. ఆ పాటకి పెట్టుకున్న నావికుడి టోపీతో, ముఖం నిండా రంగుతో, వానలో వంతెన పొడుగునా పరిగెత్తింది. నేను కోటు పట్టుకుని వెనకాలే పడ్డాను. ఫ్లోరీ వాళ్లు దిగిన ఇల్లు కనుక్కునేసరికి సాయంత్రం టీ వేళయింది. పొడుగాటి బల్ల చుట్టూ థార్న్‌షా ఆడవాళ్లు, పంది మాంసం ముక్కలు, వెన్న రాసిన రొట్టెలు. మమ్మల్ని చూడగానే అందరూ నమలడం ఆపేశారు. కెజియా ఒకసారి చూసి, తల దించి పళ్లెం వైపే చూస్తూ కూర్చుంది. చెవిటి మనిషి తల దించుకుందంటే తలుపు వేసుకున్నట్టే.

సెలీనా డాక్టరు మాట మరిచిపోయింది. "ఈవిడ మా అమ్మ," అంది పైకి. గొంతు చిరిగిన గుడ్డలా వచ్చింది. బల్ల దగ్గర చాలామంది విన్నారు. కెజియా రొట్టె తుంచుకుంది.

అప్పుడు సెలీనా నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, తల్లి దించుకున్న కళ్ల కిందికి తన ముఖం తెచ్చింది. ఇక చూడక తప్పదు. పెదవులతో ఏదో చెప్పింది. నాకు వీపే కనపడుతోంది కాబట్టి ఏమన్నదో తెలియలేదు.

కెజియా చేతిగుడ్డని నీళ్లలో ముంచింది. కూతురి పెదవుల మీది ఎర్రరంగు, చిన్నపిల్ల మూతి తుడిచినట్టు, గట్టిగా తుడిచింది.

"రంగులో సరిగ్గా కనపడలా," అంది పెద్ద గొంతుతో. "మళ్లీ చెప్పు. నాకు కాదు. ఇటు తిరిగి వీళ్లందరికీ చెప్పు. ఎవరు చచ్చిపోయారన్నావు?"

సెలీనా లేచి నిలబడి బల్ల వైపు తిరిగింది. ముఖం రంగు లేనిచోట పాలిపోయి ఉంది. నోరు బాగా తెరిచి, ఒక్కో మాటా విప్పి, తన తల్లి చచ్చిపోయిందని తనే చెప్పానని చెప్పింది. శబ్దం కొంచెం కూడా రాలేదు. ఆ బల్ల దగ్గర చదవడం రానివాళ్లు ఒక్కరూ లేరు.