మిద్దెలు కొలిచిన వియ్యంకులు

ఎనభైల చివర. ప్రొద్దుటూరులో నాది బోర్డులు రాసే అంగడి. ఎలక్షన్లొస్తే రెండు పార్టీల గుర్తులూ నేనే గోడలకు రాసేవాణ్ణి. పొద్దున వీళ్లవి, సాయంత్రం వాళ్లవి. చేయి బాగుందని ఎవరూ నన్నేమీ అనేవాళ్లు కాదు.

ఆ ఏడు జమ్మలమడుగు పక్క ఓ పెండ్లి కుదిరింది. పెన్నేటికి ఇవతలి ఊరి ఓబులేసు కూతురు, అవతలి ఊరి వీరన్న కొడుకు. ఏండ్లుగా కత్తులు నూరుకున్న ఇండ్లు. పిల్లలిద్దరూ పట్టుబట్టి పెద్దోళ్లను ఒప్పించినారు. వేదిక వెనక కట్టే తెర మీద రెండు ఊర్లూ గీయమని నాకు అప్పజెప్పినారు.

గీసినా. పెండ్లి ఇంకా రెండ్రోజులుందనంగా వియ్యంకులిద్దరూ చూడ్డానికొచ్చినారు. వీరన్న మామ తెరను జానతో కొలిచినాడు.

“ఏందప్పా ఇది? ఓబులేసు మిద్దె అంత, మాది ఇంతేనా?”

“దాన్ని పర్‌స్పెక్టివ్ అంటారు మామా. దగ్గరుండేది పెద్దగా, దూరముండేది చిన్నగా కనపడతాది.”

“దూరం నీకు. మాకు కాదు. ఇది కట్టినారంటే మావోళ్లు పెండ్లికి రారు.”

ఓబులేసు మామ మీసాల్లో నవ్వుకుంటాండాడు. ఆ పిల్లల పెండ్లి నా గుడ్డ మీద ఆగిపోయేట్టుంది.

అంగట్లో ఓ పాత బొమ్మ తగిలించింటి, మద్రాసులో డ్రాయింగ్ నేర్చుకునేటప్పుడు కొన్నది. డచ్చివాళ్లు మన సముద్రపు రేవుల్లో వ్యాపారం చేసే కాలంలో గీసుకున్న బొమ్మకు అచ్చేసిన నకలు. ఆ రాత్రి దాన్ని మళ్లా చూసినా. వాళ్ల కోట, దాని మీద జెండా ఆకాశాన్ని తగుల్తాంటాయి. మన గుడి గోపురం వేలెడంత, జనం చీమలంత. ఈ ఊరు మాదని చెప్పడానికి వాళ్లకు ఆ కట్టడాల ఎత్తే చాలింది. వాళ్ల చిత్రకారుడు తన జెండా పక్కన నిలబడి లోకాన్ని చూసినాడు. మరి నేను యాడ నిలబడినా? ఓబులేసు గట్టున.

తెర మీద మళ్లా తెల్లరంగు పూసినా. ఈసారి ఏట్లో ఇసుక నడుమ నిలబడినట్టు గీసినా. అటొక మిద్దె, ఇటొక మిద్దె, రెండూ సమానం. నడుమ శానా వెడల్పుగా పెన్న, దాంట్లో దాటుతాండే గొర్రెల మంద.

పెండ్లిరోజు తాళి కట్టకముందే వియ్యంకులిద్దరూ తెర దగ్గరికి పోయి చెరో మిద్దె కొలిచి తలూపినారు. అంతలో వీరన్న మామకు ఇంకో అనుమానం పుట్టింది.

“అదంతా సరే గానీ, ఆ గొర్రెలు ఎవరివి?”

పీటల మీదున్న పెండ్లికూతురు తలెత్తింది. “మా ఇద్దరివీ మామా. రెండు గట్లమీదా మేపుకుంటాం.”

పందిరంతా ఒకటే నవ్వు. ముందుగా నవ్వింది వీరన్న మామే. నా పనిలో అంత సంతోషం మళ్లా చూళ్లేదు.

అప్పట్నుంచి ఇంటి బొమ్మ గీయమని ఎవరొచ్చినా, కుంచె పట్టకముందే ఒక మాట అడుగుతాను: “నన్ను యాడ నిలబడమంటారు?”