ఎర్ర గుర్తు మీద కుంకుమ

మొన్న ఆయుధపూజ నాడు మా ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని కారు ముందు నిలబడి బానెట్టు తెరవమంది. అద్దానికి, స్టీరింగుకి, చక్రాలకి బొట్లు పెట్టడం అయింది. చివరికి బ్యాటరీ వైపు చెయ్యి పోనిచ్చేసరికి ఆ చెయ్యి కాస్త గట్టిగానే పట్టుకుని ఆపాను. "దానికి మాత్రం ఏం పాపం?" అంది. ఏదో సర్దిచెప్పాను. పాపం ఎవరిదో ఆమెకు ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. మా పెదనాన్న చావు గురించి మా బంధువుల్లో ఈనాటికీ ఒక మాట నడుస్తోంది. కారు బాగుచేసే సాయిబు పని సరిగ్గా చేయక కారు దారిలో ఆగిపోయిందనీ, అందుకే మనిషి దక్కలేదనీ. అది అబద్ధం. దాన్ని నిలబెట్టినవాణ్ణి నేనే కనుక పడగొట్టాల్సిందీ నేనే.

మాది ఇందుకూరుపేటకు రెండు మైళ్ల దూరంలో ఊరు. తూర్పుగాలి తిరిగితే మైపాడు సముద్రం మా తలుపు గడియల మీద తుప్పై కనిపించేది. అరవైల మొదట్లో పెదనాన్న ఆ గాలిలోకి ఒక పాత నల్లటి ఇంగ్లీషు కారు తెచ్చిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది. పెళ్లాం, పిల్లలు లేని మనిషికి అదే సంసారం. ఉప్పుగాలికి రాగితీగల చివర్లు పచ్చగా చిలుము పట్టేవి. వానాకాలంలో అయితే హారన్ నొక్కితే లైటు మిణుకుమనేది, లైటు వేస్తే వైపరు కదిలేది. "మనింట్లో వాళ్ల మాదిరే, ఒకర్ని పిలిస్తే ఇంకొకరు పలుకుతారు" అని పెదనాన్న నవ్వేవాడు.

దాని రోగాలు తెలిసినవాడు ఇందుకూరుపేట రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద పనిచేసే సాయిబు ఒక్కడే. సన్నటి మనిషి, చెవి వెనక ఎప్పుడూ ఆరిపోయిన బీడీ. రెండు తీగలు కట్టిన చిన్న బల్బు ఆయన ముఖ్యమైన పనిముట్టు. దాన్ని ఒక్కో చోట ఆనించి, వెలిగిందా లేదా చూసుకుంటూ కారు ఈ చివరి నుంచి ఆ చివరికి పోయేవాడు. బ్యాటరీ బిగించిన ప్రతిసారీ అదే హెచ్చరిక. "తెల్లోడి బండి పెద్దయ్యా. మిగతా బండ్లకి మైనస్సు బాడీకి కడితే వీడు ప్లస్సు కట్టినాడు. తిరగేస్తే తగలబడిపోతాది." పెదనాన్న, "మా తమ్ముడి లాంటిదన్నమాట" అనేవాడు, పక్కనే ఉన్న మా నాన్నకు వినబడేటట్టు. ఛార్జింగుకి బ్యాటరీ ఊడదీసి పట్టుకుపోవడం మామూలు గనుక, సాయిబు ప్లస్ టెర్మినల్‌కీ, బాడీకి పోయే పట్టీకీ ఎర్ర రంగు చుక్కలు పెట్టాడు. "ఎరుపుకి ఎరుపు. ఇంక చదువు రానోడు గూడా తప్పు చెయ్యలేడు" అన్నాడు.

చదువు వచ్చినవాడి సంగతి ఆయన ఆలోచించలేదు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మద్రాసులో ఇంజనీరింగు డిప్లొమా మొదటి ఏడు తప్పి వచ్చి ఇంట్లో కూర్చున్నాను. ఆ ఏడు ఆయుధపూజకు కారు ముస్తాబు నేనే చేస్తానన్నాను. బ్యాటరీ దింపి, చిలుము వేడినీళ్లతో కడిగి, పసుపు రాసి, రెండు టెర్మినళ్లకీ, రెండు పట్టీల చివరి క్లిప్పులకీ దండిగా కుంకుమ అద్దాను. మళ్లీ బిగించబోతే ఎర్ర గుర్తు ఏదో, కుంకుమ ఏదో తెలియలేదు. తుడిచి చూస్తే సరిపోయేది. పూజాద్రవ్యం తుడవడం ఎందుకనిపించింది. అంతకన్నా, నా పుస్తకంలో బొమ్మ గుర్తొచ్చింది. బొమ్మలో మైనస్సే బాడీకి ఉంది. సాయిబుకన్నా పుస్తకానికి ఎక్కువ తెలుసనుకున్నాను. ఒక క్లిప్పు వదులైతే పళ్లపొడి డబ్బా రేకు ముక్క చుట్టాను. రెండోది బిగువైతే స్క్రూడ్రైవరుతో విడదీసి సుత్తితో దిగ్గొట్టాను. స్టార్టయింది. హారన్ మోగింది. నిమ్మకాయ మీదుగా నాలుగడుగులు ముందుకి, నాలుగడుగులు వెనక్కి పోనిచ్చి ఆపేశాను. అందరూ మెచ్చుకున్నారు.

మూడో రోజు పొద్దున పెదనాన్నకు గుండెలో నొప్పి వచ్చింది. నెల్లూరు ఆసుపత్రికి కారులో బయలుదేరాం. నేనే నడిపాను. ఊరు దాటి వేగం అందుకోగానే డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ, కాలిన రబ్బరు వాసన. ఇంజను ఆగిపోయింది. వరిచేల మధ్య, నీడ లేని రోడ్డు మీద ఎడ్లబండి దొరికేదాకా పెదనాన్న వెనక సీట్లో నాన్న భుజం మీద తల పెట్టుకుని ఉన్నాడు. "సాయిబుకి కబురు పెట్టండి, చూస్తాడు" అన్నాడు. నాకు తెలిసి ఆయన చివరి మాట అదే. నెల్లూరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. అప్పటికే ప్రాణం లేదు.

కర్మకాండలు ముగిశాక నాన్న సాయిబును పిలిపించాడు. ఎడ్లతో లాగించి తెచ్చిన కారు పశువుల కొట్టం ముందు ఉంది. "పోయిన నెల నువ్వు డైనమో ఇప్పిన బండే గదా ఇది?" అన్నాడు. సాయిబు కళ్లు తుడుచుకుని బానెట్టు ఎత్తాడు. నల్లబడిన తీగలు చూసి, "కాలిన చోట తప్పుండదయ్యా, దాని ముందర ఎక్కడో ఉంటాది" అన్నాడు. సైకిల్ మీద తెచ్చుకున్న చిన్న బ్యాటరీతో బల్బు వెలిగించుకుంటూ ఒక్కో తీగా పట్టుకుని వెనక్కి నడిచాడు. డైనమోను బ్యాటరీతో కలిపే చిన్న డబ్బా విప్పితే లోపలి ముక్కలు రెండూ కరిగి అతుక్కుని ఉన్నాయి. ఆ తర్వాత బ్యాటరీ దగ్గర చాలాసేపు వంగి ఉండిపోయాడు. క్లిప్పు ఊడదీసి, రేకు ముక్క తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"తిరగేసినారయ్యా. ప్లస్సుది లావు క్లిప్పు, దాన్ని సన్న మైనస్సుకి పెట్టి రేకు చుట్టినారు. మెల్లగా పోతే తెలవదు, వేగమొచ్చి డైనమో కరెంటు ఇచ్చినప్పుడే కాలతాది. ఇదో, కుంకం క్లిప్పు లోపల ఉండాది. పైన పెట్టిన బొట్టు లోపలికెట్ట పోతాది? ఇప్పి, పూసి, మళ్లా బిగిస్తేనే."

నాన్న అరుగు దిగి వచ్చాడు. "అంటే మా కుంకం మా అన్నను చంపిందంటావా రా?"

పెదనాన్న ఉండగా మా ఇంట్లో ఎవరూ సాయిబును 'రా' అనలేదు. చుట్టూ చేరినవాళ్లలో గొణుగుడు మొదలైంది. కుంకుమ గురించి సాయిబు నోట ఆ మాట ఎంత ప్రమాదమో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

"పూజను నేనెందుకంటానయ్యా? తీగ తిరగబడిందంటుండా, అంతే." నా వైపు తిరిగాడు. "చిన్నబ్బయ్యా, బ్యాటరీ ఎవురు ఇప్పినారో నువ్వు చెప్పు. నువ్వు చెప్పకుంటే రేపట్నుంచి నా పందిట్లోకి ఒక్క బండి రాదు."

"ఎవురూ ముట్టుకోలా" అన్నాను.

ఆయన కిరసనాయిలు గుడ్డతో కుంకుమంతా తుడిచాడు. కింద ఎర్ర చుక్కలు బయటపడ్డాయి. ఎరుపుకి ఎరుపు బిగించి, బానెట్టు దించి, సైకిల్ తీసుకుని పోయాడు. ఆ నెల్లోనే పందిరి ఖాళీ అయింది. ఒక మనిషి చావుకి కారణమైనవాడి చేతికి ఎవరు బండి ఇస్తారు?

ఆరేడేళ్లకు సూళ్లూరుపేట రైలుస్టేషన్ బయట కనిపించాడు. నేల మీద గోనెపట్టా పరుచుకుని టార్చిలైట్లు బాగుచేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి, "పెద్దయ్య బండి ఎట్టుంది?" అన్నాడు. అమ్మేశామన్నాను.

"అమ్మేటప్పుడు ప్లస్సు బాడీకని చెప్పినారా? ఆ కొన్నోడికి తెలవద్దా?"

చెప్పలేదు. అదీ చెప్పలేదు, ఇదీ చెప్పలేదు. రైలొచ్చిందని లేచి పోయాను. ఇంకో ఏడాదికి ధైర్యం చేసుకుని వెళితే గోనెపట్టా చోట పూలు అమ్ముతున్నారు. సాయిబు పోయి నాలుగు నెలలైందన్నారు.

నాన్న కూడా లేడు ఇప్పుడు. సాయిబు ఒక్క పూటలో పట్టుకున్న తప్పును ఒప్పుకోవడానికి నాకు పాతికేళ్లు పట్టింది, ఆ పాతికేళ్లలో వినాల్సినవాళ్లంతా వెళ్లిపోయారు.